మేం గుట్ట ఎక్కం సారూ

మీరే చేశారు. గాలిబండ గుట్ట మీది మోదుగలనూ రేలలనూ ఎవరు చంపారని రేపు ఎవరైనా అడిగితే, మిషను తోలినవాడి మీదికి నెట్టకండి. వాడు కూలివాడు. చల్లటి గదుల్లో కూర్చుని ముప్పై రెండు ప్రశ్నలు తయారు చేసింది మీరు. వాటిని పట్టుకుని బస్తీకి వచ్చి, పక్కన ఖాకీ చొక్కా ఫారెస్టు గార్డును నిలబెట్టుకుని, "ఈ అడవి నుంచి మీరేమైనా తెచ్చుకుంటారా?" అని అడిగింది మీరు. పోలీసును వెంటబెట్టుకొచ్చి దొంగతనం చేశావా అని అడిగితే ఎవరేం చెబుతారో మీకు తెలియదా? తెలిసి అడిగితే మోసం. తెలియక అడిగితే ఆ ఉద్యోగానికి మీరు పనికిరారు. భయంతో చెప్పిన జవాబును రంగురంగుల బొమ్మలుగా అచ్చువేసి, కింద సంతకాలు పెట్టి, బస్తీవాళ్ల మాటే ఇది అని చెప్పుకుంది కూడా మీరే.

సోమవారం పదకొండు గంటలకు సర్వేవాళ్లు వచ్చినప్పుడు నాగేశ్వరి గడపలో కూర్చుని విస్తరి కుడుతోంది. ఫిల్మ్‌నగర్ మెయిన్ రోడ్డు వదిలి, డబ్బింగ్ థియేటర్ పక్క సందులోంచి పైకి ఎక్కితే గాలిబండ బస్తీ. ఆ పైన ఎనిమిదడుగుల గోడ. గోడ అవతల గుట్ట, రిజర్వు అడవి. గుట్టకు అటువైపు జూబ్లీహిల్స్ అద్దాల మేడలు. బస్తీలో నూట పద్దెనిమిది ఇళ్లు. మేకప్ అసిస్టెంట్లు, లైట్లు మోసేవాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు, ఇళ్లలో పాచిపని చేసేవాళ్లు. నాగేశ్వరి ఒక్కతే ఆకుపని. కొత్త సినిమా పూజలకు, గుళ్లలో అన్నదానానికి, కార్తీకమాసం వనభోజనాలకు ఆమె కుట్టిన మోదుగ విస్తర్లే పోతాయి.

సందు మొదట్లో పంపు దగ్గర మంజులత బిందెను రెండుసార్లు మోగించింది. గార్డు వస్తున్నాడని గుర్తు. నాగేశ్వరి పక్కనున్న ఆకుల కుప్ప మీద బొంత కప్పేసింది. ఒళ్లో సగం కుట్టిన విస్తరి మాత్రం ఉండిపోయింది.

ముందు గార్డు ఆంజనేయులు, వెనక పలక లాంటి ట్యాబు పట్టుకుని ఒక పిల్ల. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. పేరు వర్ణిక అని తనే చెప్పింది, కన్సల్టెన్సీ నుంచి వచ్చానంది, గడప ముందు చెప్పులు విప్పి నేలమీద కూర్చుంది. మంచిపిల్లే. అదే బాధ.

"ఆంటీ, ఇవి ఏం ఆకులు?"

"మోదుగాకులు బిడ్డా. పరిగి నుంచి బస్సుల వస్తయి."

ఆంజనేయులు ఎదురింటి గోడ మీద అంటించిన సినిమా పోస్టరును కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"ఈ గుట్ట నుంచి కట్టెలు తెచ్చుకుంటారా?"

"గ్యాసుంది."

"పండ్లు? సీతాఫలాలు, పరికి పండ్లు?"

"మార్కెట్ల కొనుక్కుంటం."

"మందుమొక్కలు? పూజ చేసే చెట్టుగానీ రాయిగానీ ఏమైనా ఉందా లోపల?"

"మేం గుట్ట ఎక్కం బిడ్డా. సారును అడుగు. ఎన్నడన్న మా మొఖాలు ఆడ చూసిండా?"

సారు పోస్టరు మీదినుంచి చూపు తిప్పలేదు. వర్ణిక వేలితో ట్యాబు మీద తడుతూ పోయింది. చివరి ప్రశ్న దగ్గర తలెత్తింది.

"ఈ అడవి మీ జీవితానికి ఎంత ముఖ్యం ఆంటీ? ఒకటి నుంచి ఐదు లోపల ఒక నంబరు చెప్పండి."

"గుట్టతోని మాకేం పని? సున్నా రాసుకో."

"సున్నా లేదాంటీ. ఒకటి నుంచే ఉంది."

"అట్లయితే ఒకటి రాయి. ఉన్నదాంట్ల చిన్నది."

ట్యాబు అద్దం మీద బొటనవేలు పెట్టించుకుని వర్ణిక పక్కింటికి వెళ్లింది. పక్కింట్లో ప్రేమకుమారి. భీమవరం వైపు మనిషి, ఇరవై ఏళ్లుగా జూనియర్ ఆర్టిస్టు. "మా ఆయన శాంతరాజుగారికి పాములంటే ప్రాణం పోతుందండీ, ఆ గోడ వైపు కిటికీ కూడా తియ్యనివ్వరండీ" అని ఆమె చెబుతుంటే నాగేశ్వరి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. ఏ ఇంటికి వెళ్లినా అదే పాట. గార్డు ముందు ఏం చెప్పాలో ఆ బస్తీలో కాపురానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ నాగేశ్వరే నేర్పింది. ఆకు తెచ్చినదానివి కాదు, కట్టె ముట్టినదానివి కాదు, గుట్ట దిక్కు చూసినదానివే కాదు. అట్లా చెప్పినదాన్ని వదిలేస్తారు. ఒప్పుకున్నదాన్ని మాత్రం మోపుతో సహా ఫొటో తీసి, ఆఫీసు మెట్ల మీద పొద్దుగుంకేదాకా కూర్చోబెడతారు.

ఆ సాయంత్రం సందులో చాయ్ తాగుతూ ఒకరి జవాబులు ఒకరు అనుకరించుకుని నవ్వుకున్నారు. గెలిచామనుకున్నారు పాపం.

మంగళవారం తెల్లవారుతుండగా నాగేశ్వరి, ప్రేమకుమారి నీళ్ల ట్యాంకు వెనక గోడ విరిగినచోటు నుంచి లోపలికి దిగారు. ఏడింటిదాకా ఆంజనేయులు పడమటి వైపు తిరుగుతాడు. ఎందుకు అటే తిరుగుతాడని ఎవరూ ఎవరినీ అడగలేదు.

మంచు పట్టి తంగేడు కొమ్మలు వంగి ఉన్నాయి. చీరకుచ్చెళ్లు మోకాళ్లదాకా తడిశాయి. ముందుగా ఇద్దరూ దొన దగ్గరికి నడిచారు. రెండు బండల మధ్య రాతిలో నీళ్లు నిలిచే గుంట అది. వానాకాలం నిండితే శివరాత్రి దాటేదాకా ఉంటుంది. నెమళ్లు, ముంగిసలు, ఉడుములు, అన్నీ అక్కడే తాగుతాయి. రాత్రి రాలిన ఆకులు నీటిమీద తెట్టు కట్టాయి. నాగేశ్వరి చీర ఎగదోపుకుని వంగి, రెండు చేతులతో ఆకులు తోడి గట్టున వేసింది. ప్రేమకుమారి అడుగున పేరిన మట్టిని కొబ్బరిచిప్పతో గీకింది. గుట్ట ఎక్కిన ఆడమనిషి ఎవరైనా ముందు దొన శుభ్రం చెయ్యాలి. తర్వాతే చెట్టు మీద చెయ్యి వెయ్యాలి. ఎవరు పెట్టారో ఈ పద్ధతి, బస్తీలో వాళ్లు అన్నం ముందు చెయ్యి కడుక్కున్నట్టు చేసేస్తారు.

"నీకు ఒకటి వేసిందటగా అక్కా ఆ పిల్ల," అంది ప్రేమకుమారి నడుం పట్టుకుని లేస్తూ. "నాకు రెండు వేసింది. గాలి బాగా వస్తుందండీ అని నోరు జారాను."

"గాలి గూడ పరిగి నుంచే బస్సుల వస్తదని చెప్పకపోయినవ్?"

ఇద్దరి నవ్వుకూ పొదలోంచి కౌజుపిట్టలు జత లేచిపోయాయి.

ప్రేమకుమారి ఎత్తుబండ ఎక్కి ముసుగేసుకుని మోకరించింది. ఆదివారం చర్చికి పోతుంది, కానీ కష్టం వస్తే ఇక్కడికే. "చర్చిలో పాస్టరుగారు చెబుతారు, నేను వింటాను. ఇక్కడ నేను చెబుతాను, ఆయన వింటాడు" అంటుంది. మోకాళ్ల నొప్పికి బండ పక్కనే పాకిన నల్లేరు రెండు కణుపులు గిల్లుకుంటుంది. మూడోది గిల్లదు.

నాగేశ్వరి మోదుగ దగ్గరికి పోయింది. మోదుగ రెమ్మకు మూడేసి ఆకులు. రెండు పక్కాకులు, నడుమ ఒకటి. నడిమిది పెద్దది, గుండ్రంది, విస్తరికి అదే అందం. బజారుకు బస్సులో వచ్చే ఆకుల్లో అవే ఎక్కువ. నాగేశ్వరి నడిమాకు ముట్టదు. వేలూ బొటనవేలూ కాడ మొదట్లో పెట్టి, కిందికి ఒక్క తిప్పు తిప్పితే టుక్కుమని పక్కాకు చేతిలోకి వస్తుంది. మళ్లీ అటువైపుది. నడిమాకు రెమ్మ కొసన ఊగుతూ మిగిలిపోతుంది. ఆమె అత్త అట్లా తెంపేది. అన్నీ తెంపితే కొమ్మ అలుగుతుందనేది. అలగటమో ఏమో, ఇరవై ఎనిమిదేళ్లలో నాగేశ్వరి ఆకు తెంపిన ఒక్క చెట్టూ ఎండలేదు. పక్కాకులు చిన్నవి గనక విస్తరికి ఎనిమిది కావాలి, కుట్లు ఎక్కువ పడతాయి, పని రెట్టింపు. పడితే పడనీ అని ఆమె లెక్క.

తడి గోనెలో ఆకులు చుట్టుకుని, ఎండ గోడ దాటకముందే దిగిపోయారు.

బుధవారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాలు గోడకు ఎవరో కాగితాలు అంటించి పోయారు. ప్రేమకుమారి కూతురు షాలిని డిగ్రీ చదువుతోంది. ఆమె చదువుతుంటే ఆడవాళ్లు చుట్టూ నిలబడి విన్నారు. శనివారం పొద్దున ప్రజాభిప్రాయ సభ. గుట్ట తూర్పు వాలు మొత్తం చదును చేసి నాలుగంతస్తుల పార్కింగు, తినుబండారాల దుకాణాలు, టైల్స్ పరిచిన నడకదారి.

"తూర్పు వాలంటే మనదే," అంది మంజులత.

షాలిని రెండో కాగితం అందుకుంది. "సర్వే చేసిన నూట పద్దెనిమిది కుటుంబాలలో నూటికి నూరు శాతం, తమకు ఈ అటవీ ప్రాంతంతో జీవనోపాధి గాని, సాంస్కృతిక అనుబంధం గాని, రాకపోకలు గాని లేవని తెలిపినవి. అడవి ప్రాముఖ్యతకు స్థానికులు ఇచ్చిన సగటు, ఐదుకు ఒకటి పాయింటు ఒకటి."

ఎవరూ నవ్వలేదు.

"ఇంకా ఉంది. తూర్పు వాలులోని మోదుగ వృక్షాలు గుర్తు తెలియని ఆకుతెగులు సోకి, రెమ్మకు ఒక్క ఆకు మాత్రమే మిగిలి, క్షీణదశలో ఉన్నవి. వీటిని పరిరక్షించుట వలన ప్రయోజనం లేదు."

"మల్ల సదువు బిడ్డా," అంది నాగేశ్వరి.

షాలిని మళ్లీ చదివింది. నాగేశ్వరి హాలు అరుగు మీద కూలబడింది. తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. ఆకు పసరు పట్టి బొటనవేలు నల్లగా ఉంది.

"అది తెగులు గాదు," అంది. "నా చెయ్యి."

మంజులత అంది, నెమ్మదిగానే, "మేం గుట్ట ఎక్కం అని చెప్పుమన్నది నువ్వే గదక్కా."

ప్రేమకుమారి అందుకుంది. "అందరం కలిసే చెప్పాంగా, ఇప్పుడు ఆవిడొక్కదాన్ని అంటావేంటి? శనివారం అందరం కలిసే వెళ్దాం. ఉన్నది చెబుదాం."

"మరి మోపులతోని ఫొటో తీస్తే?"

"తియ్యనీ. సినిమాల్లో నా మొహం ఎప్పుడూ సరిగ్గా పడలేదు, అందులో అయినా పడుతుంది."

శుక్రవారం సాయంత్రం ఆంజనేయులు వచ్చాడు. ఈసారి బిందె మోగలేదు. అతను టోపీ చేతిలో పట్టుకుని, మామూలు మనిషిలా నడిచివస్తుంటే మంజులతకు మోగించబుద్ధి కాలేదట. నాగేశ్వరి క్యాటరింగ్ థామస్ అడిగిన మూడు వందల విస్తర్ల పనిలో ఉంది. చీపురుపుల్లను గోటితో సన్నగా చీల్చి, ఆకు మీద ఆకు అంచు కలిపి, పుల్ల గుచ్చి, మిగిలిన కొసను తుంపేస్తోంది. గుచ్చు, తుంపు. గుచ్చు, తుంపు. తల ఎత్తకుండానే పీట జరిపింది.

"రేపు మీటింగుకు పోతున్నరట," అన్నాడు ఆంజనేయులు కూర్చుంటూ.

"పోతున్నం అంజన్నా."

"ఏం చెప్తవ్?"

"ఉన్నది చెప్త."

అతను ఒక ఆకు తీసి మోకాలి మీద పెట్టుకుని చేత్తో సాపు చేశాడు. "పదకొండేండ్ల సంది ఏడింటిదాంక పడమటి దిక్కే తిరిగిన. ఎందుకు తిరిగిన్నో నీకెరుక. నువ్వు తెస్తున్నం అన్నవంటే, గార్డు ఏం పీకుతుండు అని నన్ను అడుగుతరు. నౌకరి ఉండదక్కా."

గుచ్చుతున్న పుల్ల ఆగింది. "చెప్పకపోతే గుట్ట ఉండదు."

"చెప్తే ఉంటదా?"

ఆమె ఇంకో ఆకు అందుకుంది. ఆంజనేయులే మళ్లీ అన్నాడు. "నేను కొత్తగ వచ్చినప్పుడు ఆ మోదుగలకు తెగులని నేను గూడ రాసిన, ఎరుకేనా? మందు కొట్టుమని పంపు, డబ్బాలు గిట్ల ఇచ్చిన్రు. కొడదామని పొద్దుగాల్నే పోయిన. బండ మాటుకు నిలవడ్డ. నువ్వు తెంపుతున్నవ్. ఒక్కొక్క రెమ్మకు నడిమాకు ఇడిసిపెట్టి, ఇడిసిపెట్టి పోతున్నవ్. పిల్లల తల దువ్వినట్టు. ఆ మందు డబ్బాలు ఇప్పటికీ స్టోరు రూంల సీలు ఇప్పకుంట ఉన్నయి."

"నువ్వు చూసినవని నాకెన్నడు చెప్పలే."

"చెప్తే పట్టుకోవాలె గద."

లేచి టోపీ దులుపుకున్నాడు. చెప్పొద్దని అంటాడేమోనని నాగేశ్వరి ఎదురుచూసింది. అతను అనలేదు. "నీ ఇష్టం అక్కా. ఆడికి వచ్చేటప్పుడు తొవ్వ ఖర్చులు పెట్టుకోకున్రి, ఆఫీసు డీసీఎం బండి ఖాళీగ పోతది, ఎక్కిపిస్త" అని సందు దిగిపోయాడు.

శనివారం సభ జూబ్లీహిల్స్‌లో ఒక క్లబ్బు హాల్లో పెట్టారు. చలికి ఆడవాళ్లు కొంగులు భుజాల నిండా కప్పుకున్నారు. వేదిక మీద మధ్య కుర్చీలో పెద్ద అధికారి సూర్యప్రకాశరావు, పక్కన కన్సల్టెన్సీ యజమాని రవిచంద్ర. తెర మీద బొమ్మలు మారుతున్నాయి. బస్తీ ఇళ్ల ఫొటో కూడా పడింది, ఆకాశం నుంచి తీసింది, రేకులు తప్ప మనుషులు లేరు. పొద్దుటి పూట వాకింగ్ చేసేవాళ్ల సంఘం మాట్లాడింది. కార్లు పెట్టుకోను జాగా లేక రోడ్డు మీద ఎంత అవస్థపడుతున్నారో అరగంట చెప్పారు. ఒక పెద్దావిడ లేచి పక్షుల పేర్లు ఇంగ్లీషులో చదివి, పార్కింగు కావాలిగానీ పిట్టలు పోకుండా కట్టమంది. బస్తీవాళ్ల వంతు భోజనాల తర్వాత వేశారు.

భోజనాల దగ్గర ఒక బోర్డు. "ఈ కార్యక్రమంలో ప్లాస్టిక్ వాడటం లేదు. ప్రకృతిని గౌరవిద్దాం." దాని కింద బల్లమీద విస్తర్ల దొంతర. గరిటె పట్టుకుని నిలబడ్డ థామస్ నాగేశ్వరిని చూసి, "నువ్విక్కడేంటక్కా?" అన్నాడు. ఆమె ఒక విస్తరి తీసి వెలుతురుకు పట్టింది. ఎనిమిది పక్కాకులు. నడిమాకు లేదు. తన కుట్టు.

భోజనాలయ్యాక మైకు ఆమె చేతికొచ్చింది. మోగుతున్న తన గొంతుకు తనే జడిసి, మైకును కొంచెం దూరంగా పట్టుకుంది.

"సోమవారం నాడు మేం అబద్ధం చెప్పినం. గార్డు సారు ముంగట ఉన్నడని అట్ల చెప్పినం. మేం గుట్ట ఎక్కుతం. దినాం ఎక్కుతం. మీరిప్పుడు తిన్న ఇస్తరాకులు గుట్ట మీదియే, కుట్టింది నేనే. చెట్లకు తెగులు లేదు సారూ. నేను నడిమాకు తెంప. అందుకే రెమ్మకు ఒక్కటి ఉంటది. దొనల నీళ్లు ఎవరు సాఫు చేస్తున్నరనుకున్నరు? మేమే. ఏ పొదల నెమలి గుడ్లు పెట్టిందో మాకెరుక, ఆ నెల అటు పోము. మీ కాగితంల మాకు సంబంధం లేదని ఉన్నది. అది మా మాటే, గని భయంతోని చెప్పిన మాట. దాన్ని కొట్టెయ్యున్రి."

ప్రేమకుమారి కూర్చున్నచోటు నుంచే లేచింది. "ఒక్క మాటండీ. అడవి పిల్ల వేషం నేను ఎన్ని సినిమాల్లో వేశానో లెక్కలేదు. ఒంటికి ప్లాస్టిక్ ఆకులు కట్టి ఎగరమన్నారు, ఎగిరాను. తెరమీద అడవిదాన్ని, మీ కాగితంలో మాత్రం అడవి ఎరగనిదాన్ని. ఇదెక్కడి న్యాయమండీ?"

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. రవిచంద్ర ముందుకు వంగాడు. మొహంలో కోపం లేదు. "చాలా విలువైన సమాచారం ఇచ్చారమ్మా. కాస్త వివరంగా చెప్పండి. ఎన్నేళ్ల నుంచి తెంపుతున్నారు?"

"ఇరవై ఎనిమిదేండ్లు. మా అత్త అంతకు ముంగట."

"రోజుకి ఎన్ని ఆకులు ఉంటాయి?"

"వెయ్యి, పదిహేనువందలు."

"మీలాగా లోపలికి వెళ్లేవాళ్లు ఎంతమంది ఉంటారమ్మా? చేతులెత్తండి, భయం లేదు."

ముప్పై నాలుగు చేతులు లేచాయి. సీతాఫలాలకు పోయేవాళ్లు, తిప్పతీగకు పోయేవాళ్లు, బతుకమ్మ పూలకు పోయేవాళ్లు, ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. అతను ఓపికగా అన్నీ రాసుకున్నాడు. నాగేశ్వరి గుండె తేలికపడింది. ఇన్నేళ్లకు ఒకడు కూర్చుని అడిగాడు, రాసుకున్నాడు. చెబితే వింటారు, చెప్పకపోవడమే తన తప్పు అనుకుంది.

రవిచంద్ర ఆ కాగితాన్ని సూర్యప్రకాశరావు ముందుకు జరిపాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, సభ ముగింపుగా రికార్డులోకి చెప్పాడు, తడబడకుండా, రోజూ చెప్పే మాటలా.

"తూర్పు వాలు అడవి క్షీణించుటకు కారణం తెగులు కాదని, స్థానికులు దశాబ్దాలుగా సాగిస్తున్న అక్రమ సేకరణ అని వారే అంగీకరించినారు. ఆ మేరకు నివేదికను సవరించవలెను. ఈ భాగం సహజ అటవీ లక్షణాన్ని కోల్పోయినందున నిర్మాణానికి అభ్యంతరం లేదు. పర్యవేక్షణలో విఫలమైన గార్డును తక్షణం సస్పెండు చేయవలెను."

మైకు ఇంకా నాగేశ్వరి చేతిలోనే ఉంది. దాన్ని ఎవరికివ్వాలో తెలియక ఆమె అటూ ఇటూ చూసింది. పక్కబల్ల దగ్గర వర్ణిక టైపు చెయ్యటం ఆపేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తలుపు దగ్గర నిలబడ్డ ఆంజనేయులు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

ఎక్కం అన్నప్పుడు అడవితో సంబంధం లేదన్నారు, పోనివ్వమన్నారు. ఎక్కుతాం అంటే అడవిని పాడుచేశారన్నారు, పోనివ్వమన్నారు. ఏ జవాబిచ్చినా పార్కింగే వచ్చే ప్రశ్న అది.

సోమవారం పొద్దుటికి గోడ విరిగినచోట కొత్త రేకులు బిగించారు. గుట్ట కింద మట్టి తవ్వే పసుపురంగు మిషను వచ్చి ఆగింది. డ్రైవరు బీడీ తాగుతూ, పదకొండింటికి సార్లొచ్చి కొబ్బరికాయ కొట్టాక పని మొదలన్నాడు. నాగేశ్వరి గడపలో కూర్చుంది. కుట్టడానికి ఆకు లేదు. చేతులు ఊరుకోక చీపురుపుల్లలు చీలుస్తూ పోయింది. పక్కన పుల్లలు గుట్టపడ్డాయి.

తొమ్మిదింటికి ఆంజనేయులు గళ్ల చొక్కా వేసుకుని సందులోకి వచ్చాడు. ఆ చొక్కాలో చిన్నగా కనిపించాడు. నాగేశ్వరి ఇంటి మెట్టు మీద కూర్చున్నాడు. ప్రేమకుమారి చాయ్ తెచ్చి ఇచ్చింది. నాగేశ్వరి పుల్లలు చీలుస్తూనే, "నిన్ను నేనే ముంచిన అంజన్నా" అంది.

"నువ్వు గాదక్కా," అన్నాడతను. "పొద్దుగాల ఆరింటికి లేచి బూట్లేసుకున్న. యాడికి పోవాలెనో తెల్వలే."

అప్పుడు దిగింది వర్ణిక, ఆటోలోంచి, ఒంటరిగా. ఏడ్చిన కళ్లు. మెట్టు ముందు నిలబడి, "సారీ ఆంటీ" అంది. "నా పేరుతోనే ఉంది ఆ సర్వే. నేను ఇట్లా అవుతుందనుకోలేదు. మా సార్‌తో మాట్లాడాను, ఇక చేసేదేం లేదన్నారు."

నాగేశ్వరి చేతిలోని పుల్లలు పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

"నీ సారీ నాకేం పనికొస్తది బిడ్డా. కూసో. మిషను షురువయ్యేటందుకు ఇంక రెండు గంటలున్నది. ఫోనుల రాస్తవో, కాగితం మీద రాస్తవో, రాయి. గార్డును ముంగట పెట్టి అడిగినందుకు నా సర్వే చెల్లదని రాయి. ఆ సార్లు మాతోని పొద్దుగాల గుట్ట ఎక్కి, తీసుకున్నదొక్కటే గాదు, మేం ఇడిసిపెట్టినది గూడ లెక్కవెట్టి, మల్ల కొత్తగ రాయాలె అని రాయి. అది అయ్యేదాంక ఒక్క కొమ్మ ఇరగొద్దని రాయి. అంజన్న నౌకరి అంజన్నకు ఇయ్యాలె అని రాయి. కింద నీ పేరు పెట్టు, ముప్పై నాలుగు మందిమి మా పేర్లు పెడతం. నీ నౌకరి గూడ పోతదేమో, నాకెరుక. పోతే ఈ మెట్టు మీద ఇంకొక్కరికి జాగా ఉన్నది. పత్రికలోళ్లకు పంపు, కోర్టుకు పంపు, ఆ పెద్దసారు చేతిల పెట్టు. రేపు గాదు. కొబ్బరికాయ కొట్టకముందే పంపు."

వర్ణిక ఇంకా నిలబడే ఉంది. నాగేశ్వరి మెట్టు మీద కొంచెం జరిగింది.

"రాయి బిడ్డా."